టోబయ్యకు చెప్పిన మాట

ఇవాళ పొద్దున హైదరాబాదు ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది. మా సెంటర్లో పనిచేసే కుక్క సర్టిఫికెట్‌కు గడువు తీరిందట, మళ్లీ తీసుకోవాలట. నాలుగు పేజీల ప్రశ్నలు. టీకాలు వేయించారా, కొత్తవాళ్లను చూసి మొరుగుతుందా, ఉరుములకు బెదురుతుందా, బరువెంత. బరువు దగ్గర కొంచెం తగ్గించి రాశాను గానీ మిగతావన్నీ నిజాయితీగానే నింపాను. చివరి పేజీలో "హ్యాండ్లర్ పేరు" అని, అంటే కుక్కను చూసుకునే మనిషి పేరు రాయడానికి, ఒక గడి ఉంది. దాని దగ్గర ఆగిపోయాను. మధ్యాహ్నం చాయ్ వచ్చినా ఆ గడి ఖాళీగానే ఉంది.

పేరు తెలియక కాదు. రెండేళ్లు ఒకే గడపలో పనిచేసిన మనిషి పేరు తెలియకుండా ఉంటుందా? ఎక్కడైనా తన పేరు రాస్తే ఆయనకు గిట్టేది కాదు. "పేరెందుకు మేడం, అటెండర్ అని రాయండి, సరిపోతది" అనేవాడు. హాజరు పట్టీలో సంతకం పెట్టేటప్పుడు కూడా ఎడమ చేయి అడ్డం పెట్టుకునేవాడు, పక్కవాడు కాపీ కొడతాడేమోనని భయపడే పిల్లవాడిలాగా. కాబట్టి ఇక్కడ కూడా రాయను. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నాది మధిర వైపు, మా ఇంట్లో ఆ వయసు వాళ్లందరూ నాకు బాబాయ్‌లే. ఆయన మాత్రం నన్ను ఒక్కసారి కూడా "అమ్మా" అనలేదు. మేడమే.

మాది భద్రాచలంలో ఒక కౌన్సెలింగ్ సెంటర్. వరదలకు ఇల్లు మునిగినవాళ్లకీ, హాస్టల్ పిల్లలకీ, అడవి ఊళ్లవాళ్లకీ మనసు దిటవు చేయడం మా పని అని బోర్డు మీద రాసి ఉంటుంది. గోదావరి అంటే భయం మాకూ ఉంది కాబట్టి సెంటర్ మేడ మీద పెట్టారు. ఇరవై రెండు మెట్లు. మనసు బాగాలేనివాళ్లు ముందు ఆ మెట్లెక్కాలి.

కుక్క ఆలోచన పైవాళ్లది. కుక్క పక్కన ఉంటే మనిషి గుండెదడ తగ్గుతుందని, దాన్ని నిమురుతూ ఉంటే మాట దానంతటదే బయటికి వస్తుందని. నేనూ చదువుకున్నాను, అబద్ధమేమీ కాదు. ఒకరోజు ఏసీ కారులో ఒక లాబ్రడార్ దిగింది. పేరు టోబీ. దానికొక పరుపు, సంచీ నిండా తిండి పొట్లాలు, ఏ పూట ఎన్ని గ్రాములు పెట్టాలో రాసిన కాగితం, ఇంగ్లీషు ఆజ్ఞల పుస్తకం. మా సెంటర్ ఊడ్చే ఆవిడ దాన్ని చూసి బెంచీ ఎక్కి నిలబడింది. నేను ఎక్కలేదు గానీ, ఎక్కాలనిపించింది. బాబాయ్ ఒక్కడే వంగి దాని మొహంలోకి చూశాడు.

"ఏందయ్యా, ఎక్కడి నుంచి వచ్చినవ్? టికెట్ ఉందా?"

ఆయన ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఖమ్మం, ఏన్కూరు, కొత్తగూడెం, భద్రాచలం. ఆ రోడ్డు మీద గుంటలన్నీ ఆయనకు పేరుపేరునా తెలుసు. ఉద్యోగం అయిపోయింది గానీ బస్సు దిగలేదు. గదిలోకి వచ్చి కూర్చోవడం అనేది లేదు, గుమ్మంలో ఒక చేయి పైకెత్తి చట్రం పట్టుకుని నిలబడేవాడు. వరండాలో ముగ్గురే ఉన్నా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అనేవాడు. ఎవరి వంతు వస్తే వాళ్లను లోపలికి పంపి తలుపు మీద రెండుసార్లు కొట్టేవాడు, అంటే మొదలుపెట్టమని నాకు సైగ. ఒక్కసారి కొడితే ఆపాలి. ఎంఎస్సీ సైకాలజీ చదివి, ఒక కండక్టరు తలుపు కొడితే మొదలుపెట్టి, కొడితే ఆపుతున్నానే అని మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది. కుక్కకైతే నాకంటే ముందే అలవాటైంది. ఇంగ్లీషులో "సిట్" అంటే అటు చూసేది, ఈయన గోడ మీద ఒక్కటి కొడితే కూర్చునేది.

ఇంకొక అలవాటు. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్లనూ "ఎక్కడిదాక?" అని అడిగేవాడు. నా ఫారంలో మొదటి ప్రశ్న "మీ సమస్య ఏమిటి?" దానికి ఎవరూ సరిగ్గా జవాబు చెప్పేవాళ్లు కాదు. ఈయన ప్రశ్నకు మాత్రం చెప్పేవాళ్లు. "గిప్పుడైతే బిడ్డ పెండ్లిదాక గడిస్తే చాలన్నా" అనేవాడొకడు. "ఎక్కడిదాకనో తెల్వకనే వచ్చిన" అనేదొకావిడ. నేను లోపల కూర్చుని పెన్ను మూత తీస్తూ ఉండగానే అక్కడ వరండాలో సగం పని అయిపోయేది. అది నేను ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది.

హైదరాబాదుకు లెక్కలు పంపాలి కదా, అదొక తంతు. వచ్చినవాళ్లను కుక్క దగ్గరికి వెళ్లేముందు "మీ భయం పదికి ఎంత?" అని అడగాలి. వెళ్లొచ్చాక మళ్లీ అడగాలి. అందరూ ముందూ పదే, తర్వాతా పదే. వేంసూరు నుంచి వచ్చిన ఒక రైతు మిర్చి పంట పోయి మూడు నెలలుగా నిద్రలేని మనిషి, గంటసేపు కుక్క వీపు మీద చేయి వేసి కూర్చున్నాడు, మొహం తేటపడింది. ఎంత అని అడిగితే "పదికి పది వేసుకోండి మేడం, మీరు మంచిగ చూసిండ్రు" అన్నాడు. మార్కులనుకుంటున్నారు! నా రిపోర్టు ప్రకారం ఈ జిల్లాలో కుక్క వల్ల బాగుపడ్డ మనిషి లేడు. బాబాయ్‌కి గోడు చెప్పుకుంటే వరండాలోకి వెళ్లి వివరించాడు. "ఇది మార్కులు కాదయ్యా, జరం లెక్క. తగ్గాలె." ఆ మర్నాటి నుంచి అందరూ తొంభై ఎనిమిది అని చెప్పడం మొదలుపెట్టారు.

సరే, అసలు సంగతికి వస్తాను.

కుక్క వచ్చిన ఏడాదే గోదావరి పెద్దగా వచ్చింది. నీళ్లు తగ్గాక మా మెట్ల కింద పెద్ద క్యూ. నేను పొంగిపోయాను, జనానికి మనసు ఆరోగ్యం మీద అవగాహన వచ్చిందనుకుని. లోపలికి వచ్చిన మొదటి మనిషి స్టూలు అంచున కూర్చుని, "రెండు గోడలు గూలినయ్, ఒక మేక పోయింది, మనసు గూడ మస్తు ఖరాబైంది. అది గూడ రాయండి మేడం" అన్నాడు. నష్టాల జాబితా రాస్తున్నామని ఊళ్లో పుకారు. కాదని తెలిసేసరికి సాయంత్రానికి మెట్లు ఖాళీ. ఆ క్యూలో నిజంగా మనసు చెదిరి వచ్చిన ఒక్క మనిషి మిగిలింది. లోతట్టు కాలనీలో ఉండే ఆవిడ. బకెట్లో నల్లా నీళ్లు పడుతున్న చప్పుడు విన్నా చాలు, లేచి బట్టలు మూట కట్టేస్తుందట, అది ఆవిడ చెప్పలేదు, వెంట వచ్చిన చెల్లెలు చెప్పింది. ఆవిడ నోరు విప్పలేదు. నా పెన్నునే చూస్తూ ఉంది. ఇటువైపు ఆఫీసుల్లో పేరు రాశారంటే ఏదో ఒకటి జరుగుతుంది. రావలసింది రాదు గానీ, అడగడానికి ఎవరో ఒకరు ఇంటికి వస్తారు.

బాబాయ్ గుమ్మంలోంచి అన్నాడు. "మేడం, పెన్ను కింద పెట్టండి. కుర్చీ గా కిటికీ దిక్కు తిప్పండి."

"ఏంటి బాబాయ్?"

"తిప్పండి మేడం, జల్దీ." తర్వాత ఆవిడతో, "చెల్లే, నువ్వు మేడంకు చెప్పకు. టోబయ్యకు చెప్పు. టోబయ్యకు చెప్పింది ఎవరు రాయరు. మేడం వినరు గూడ."

కుర్చీ తిప్పాను. ఎందుకు తిప్పానో నాకే తెలియదు. నా వీపు వెనక గొంతు మొదలైంది. ఆ రోజు ఆవిడ గంటంబావు మాట్లాడింది.

సాయంత్రం ఆయనతో పోట్లాడాను. క్లయింటు కళ్లలోకి చూస్తూ వినాలని మాకు మొదటి ఏడాదే నేర్పారని, ఇదేం పద్ధతని. ఆయన కుక్క గిన్నె కడుగుతూ విన్నాడు.

"మేడం, కండ్లల్లకు జూస్తే టికెట్ లేనోడు బయపడ్తడు, ఉన్నోడు గూడ బయపడ్తడు. ముప్పై ఏండ్లు చూసిన."

ఆ తర్వాత రెండేళ్లు నేను కిటికీ వైపు తిరిగే ఉద్యోగం చేశాను. కిటికీలోంచి అవతల ఇంటి డాబా మీద ఆరేసిన బట్టలు కనిపించేవి. ఆ ఇంట్లో ఎవరికి ఎన్ని చొక్కాలున్నాయో చెప్పగలను గానీ, నా దగ్గరికి వచ్చిన చాలామంది మొహాలు గుర్తులేవు. నేను చెప్పదలుచుకున్నది కూడా కుక్కకే చెప్పేదాన్ని. "టోబీ, మూట కట్టాలనిపించినప్పుడు ముందు నల్లా కట్టేసి, పది దాకా లెక్కపెట్టమని చెప్పు." ఇందులో కొత్తేమీ లేదు. మా మేనత్తా, వాళ్ల అత్తా మాటల్లేక ఆరేళ్లు ఇంట్లో పిల్లి మీద పెట్టి మాట్లాడుకున్నారు. "ఏమే పిల్లీ, అన్నం చల్లారిపోతుందని మీ పెద్దావిడకు చెప్పు" అని. కాపురం సజావుగానే సాగింది. అడవి లోపలి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలావిడ కోయ భాషలో అరగంట చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమన్నదని తర్వాత బాబాయ్‌ని అడిగితే, "టోబయ్యకు సమజైంది మేడం" అని వెళ్లిపోయాడు. ఆవిడ నెల తర్వాత ఎండు చేపలు పట్టుకుని మళ్లీ వచ్చింది. అవి నాకు కాదు.

అలా అందరూ తెచ్చి పెట్టేవాళ్లే. ఉడకబెట్టిన గుడ్లు, పెరుగన్నం, బుధవారం బుధవారం ఒకాయన కోడికాళ్లు. గ్రాముల కాగితం గోడ మీద అలా ఉండగానే టోబీ గుండ్రంగా తయారైంది. తిండి ముందు బాబాయ్ ప్రార్థన చేసేవాడు. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. గిన్నె మీద చేయి పెట్టి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ ఆహారాన్ని దీవించు, తెచ్చినోళ్ల ఇంటిని చల్లగ చూడు" అని రెండు ముక్కలు. ఆమెన్ అనేదాకా కుక్క మూతి పెట్టేది కాదు. హైదరాబాదు ట్రైనర్ తనిఖీకి వచ్చినప్పుడు ఆయన ఇచ్చిన ఇంగ్లీషు ఆజ్ఞలు ఒక్కటీ వినలేదు గానీ ఆమెన్ అన్నది మాత్రం వింది. మిగతా పరీక్షంతా బాబాయ్ తలుపు వెనక నిలబడి చెక్క మీద కొట్టి గట్టెక్కించాడు. "మీ దగ్గర చాలా క్రమశిక్షణ వచ్చింది" అని ట్రైనర్ రాసిపోయాడు.

మా గోడ మీద ఒక నోటీసు ఉంది. క్లయింటు చెప్పిన మాట బయటికి పోదు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప, అని ఇంగ్లీషులో. దాన్ని మేకు కొట్టి తగిలించింది బాబాయే. ఏం రాసి ఉందో చదివి చెప్తే తల ఊపాడు. ఆయన నియమంలో మాత్రం ఆ "తప్ప" లేదు.

ఆ నియమాన్ని నేను ఒక్కసారి తప్పాను. ఏన్కూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి, క్లాసులో సారు ప్రశ్న అడగగానే ఊపిరి ఆడటం లేదని, ఇంటికి పోయి మిరపకాయ ఏరుకుంటానని టోబీకి చెప్పుకుంది. ఏడుస్తూ చెప్పింది. నాకు ఆగలేదు. వాళ్ల ప్రిన్సిపాల్ మంచావిడ, ఫోన్ చేసి కొంచెం చూసుకోండి అన్నాను. ఆవిడ చూసుకుంది. మర్నాడు ప్రార్థన సమయంలో ఆ పిల్లను అందరి ముందు నిలబెట్టి, "ఈ అమ్మాయికి భయమట, చప్పట్లు కొట్టి ధైర్యం చెప్పండి" అంది. కాలేజీ మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల మళ్లీ మా మెట్లెక్కలేదు.

ఈ సంగతి తెలిశాక బాబాయ్ నాతో మూడు రోజులు మాట్లాడలేదు. మాట్లాడలేదంటే, కుక్కతో మాట్లాడాడు. "టోబయ్యా, చాయ్ వచ్చిందని మేడంకు చెప్పు." "టోబయ్యా, కింద ఇద్దరు వచ్చి అర్ధగంట అయింది, మేడంకు వినబడుతుందో లేదో కనుక్కో." కుక్క ఆయన మొహమూ నా మొహమూ చూసి మధ్యలో పడుకునేది. నాలుగో రోజు నేనే దిగివచ్చాను. "టోబీ, బాబాయ్‌తో చెప్పు. తప్పయింది. ఇంకెప్పుడూ దాని దగ్గర విన్నమాట బయటపెట్టను, ఒట్టు." ఆయన గుమ్మంలో నిలబడి చట్రం మీద రెండుసార్లు కొట్టాడు.

"రైట్" అన్నాడు.

ఈ వేసవి నుంచి ఆయన మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగడం మొదలైంది. పదకొండో మెట్టు దగ్గర మలుపు ఉంటుంది, అక్కడ. కుక్కను కూర్చోబెట్టి తనూ గోడకు ఆనుకునేవాడు. పైనుంచి నేను చూస్తే, "టోబయ్యకు ఆయాసం మేడం. మస్తు లావైండు. గుడ్లు బంద్ చేయాలె" అనేవాడు. నేను నమ్మాను. గుడ్లు బంద్ చేయమని వరండాలో ఒక కాగితం కూడా అంటించాను.

మొన్న ఆగస్టులో వారం రోజులు వాన. గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటింది, ఊరంతా సామాన్లు పైకెక్కించుకునే పనిలో ఉంది, మా దగ్గరికి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం మూడింటప్పుడు ఉరిమితే టోబీ బల్ల కిందికి దూరింది. జనం భయం పోగొట్టడానికి వచ్చిన కుక్కకు ఉరుమంటే ప్రాణభయం. అలాంటప్పుడు బాబాయ్ తన పాత ఖాకీ చొక్కా దాని మీద కప్పేవాడు. ఆ రోజు కప్పి, బయటికి పోలేదు. వచ్చినవాళ్లు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు దాకా చేయి చాచి తనే ఒకసారి కొట్టాడు, ఎక్కడానికి బస్సు ఆపినట్టు. తర్వాత నన్ను చూశాడు.

కాళ్లు నొప్పులేమో, కూర్చున్నాడు అనుకున్నాను. ఆయన చూస్తూనే ఉన్నాడు. అప్పుడు అర్థమై కుర్చీ కిటికీ వైపు తిప్పాను. డాబా మీద బట్టలు లేవు, వాన.

"టోబయ్యా," అన్నాడు. వరండాలో గద్దించే గొంతు కాదది. "మెట్లెక్కుతుంటే ఛాతీల ఎవరో పిడికిలి పట్టినట్టు అయితుంది. ఎడమ చెయ్యి గుంజుతుంది. ఎండకాలం నుంచి. బిడ్డకు చెప్పలే. చెప్తే ఖమ్మం పెద్ద దవాఖానాకు తోల్కపోతది, వాళ్లు మెట్లెక్కొద్దంటరు. మెట్లెక్కకపోతే గీ నౌకరి ఏడిది? నిన్ను మల్ల కార్ల ఎక్కించి పంపుతరు. ఆ గ్రాముల తిండి తినుకుంట ఎక్కడుంటవ్?"

కుక్క మీద చొక్కా సర్ది, "నాక్కూడ బయమైతుందయ్యా" అన్నాడు.

తిరగాలనిపించింది. తిరిగి, చొక్కా పట్టుకుని కిందికి లాక్కుపోయి ఆటో ఎక్కించాలనిపించింది. ఒట్టు వేసి ఉన్నాను కదా. "టోబీ, రేపే వెళ్లి ఈసీజీ తీయించుకోమని బాబాయ్‌తో చెప్పు" అన్నాను.

"టోబయ్యా," అన్నాడాయన, మెల్లగా. "మేడం వినలేదని చెప్పు."

రెండుసార్లు తలుపు కొట్టి బయటికి వెళ్లిపోయాడు. ఐదింటికి మామూలుగా చాయ్ గ్లాసు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మామూలుగా తాగాను.

నేనేమీ చేయకుండా కూర్చోలేదు. ఇది నాకు నేను చెప్పుకునే మాట. ఆయనకు తెలియకుండా ఆయన్ను డాక్టరు ముందు కూర్చోబెట్టాలని తెలివైన పథకం వేశాను. సిబ్బందందరికీ వైద్య పరీక్షలు తప్పనిసరి అని ఆ పై నెల మొదటివారంలో ఒక క్యాంపు పెట్టించాను. సిబ్బందంటే ముగ్గురం. నా మీద అనుమానం రాకూడదని మొదటి పేరు నాదే రాశాను. ఆయన కూతురు నెంబరు నా ఫోన్లో ఉంది. వారంలో నాలుగుసార్లు తీసి చూశాను. ప్రతిసారీ చప్పట్ల మధ్య నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి ఫోన్ పక్కన పెట్టాను. గోడ మీద నోటీసు నా నెత్తికి మూరెడు దూరంలో ఉంది. "ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు తప్ప." చెప్పకూడని చోట చెప్పాను, చెప్పి తీరాల్సిన చోట నోరు మూసుకున్నాను. దాన్ని అప్పట్లో వృత్తి ధర్మం అనుకున్నాను, నా మొహం.

ఆ క్యాంపు రాకముందే ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, టోబీకి స్నానం చేయించడానికి నీళ్లు తోడుతూ వాకిట్లో పడిపోయాడు. సెలవు రోజుల్లో కుక్క వాళ్లింట్లోనే ఉండేది. కూతురు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఇక్కడే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఏడవడం కూడా మర్చిపోయిన గొంతుతో ఒక్కటే అడిగింది.

"మేడం, నాయన మీకేమన్న చెప్పిండా? ఒంట్ల బాగలేదని గిట్ల?"

"నాకేం చెప్పలేదమ్మా" అన్నాను.

అక్షరాలా నిజం. ఆయనే ఉంటే మెచ్చుకునేవాడు.

మూడు వారాలైంది. కుక్కను కొన్నాళ్లు మా దగ్గరే ఉంచుకుంటాం అని ఆ అమ్మాయి అంటే సరేనన్నాను. ఇవాళ ఫారానికి కుక్క ఫొటో కావాలని నేనే ఫోన్ చేశాను. చాయ్ వచ్చిన కాసేపటికి ఆ అమ్మాయి టోబీని తీసుకుని పైకి వచ్చింది. ఫొటో తీశాం. స్టూలు మీద కూర్చుంది. కుక్క ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. నేను అలవాటు కొద్దీ, నాకు తెలియకుండానే, కుర్చీ కిటికీ వైపు తిప్పేశాను.

వెనక నుంచి వినబడింది. "టోబయ్యా, నాయన నీకు ఈడ గూడ చెప్పిండా?"

అవతలి డాబా మీద ఎవరో చీర ఆరేస్తున్నారు. అది పూర్తిగా ఆరేసి, క్లిప్పులు పెట్టి, వాళ్లు కిందికి దిగేదాకా చూశాను. తర్వాత కుర్చీ తిప్పాను. రెండేళ్ల తర్వాత ఆ స్టూలు మీద కూర్చున్న మనిషి మొహం ఎదురుగా చూడటం అదే మొదటిసారి. ఆయన ముక్కే ఆ పిల్లదీ.

"చెప్పాడమ్మా. నేను విన్నాను. ఛాతీ నొప్పి, చేయి లాగడం, అంతా విన్నాను. ఆ రోజు ఫోన్లో నీకు అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె కుక్క చెవి పట్టుకుని నిమురుతూ కూర్చుంది.

"నేను గూడ విన్న మేడం" అంది. "ఇంట్ల గట్లనే చెప్పిండు. వాకిట్ల కూసొని, టోబయ్యకు. నేను వంటింట్ల ఉన్న. నేను వింటున్న అని ఆయనకు ఎరుకనే."

"మరి..."

"అడిగితే కోపం చేస్తడు. నీకు చెప్పిన్నా, టోబయ్యకు చెప్పిన అంటడు. మా ల్యాబుల ఈసీజీ మిషన్ ఉన్నది మేడం. మా ఇంటికి రెండు సందులే. సోమారం షుగర్ చూస్తానని అబద్ధం చెప్పి తోల్కపోదామనుకున్న." కుక్క చెవి వదిలేసింది. "ఆదివారం పాయె."

నా క్యాంపు సంగతి చెప్పాను. మొదటి పేరు నాదే రాసుకున్న సంగతి కూడా చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. నాకూ అంతే. వినడానికే జీతం తీసుకునేది ఒకతె, గుండె చప్పుడు కాగితం మీదికి తీసే మిషన్ పక్కన కూర్చునేది ఒకతె. ఆయన మా ఇద్దరికీ వినబడేలాగే చెప్పాడు. ఇద్దరం ఎంత మర్యాదగా విననట్టు ఉన్నామో!

వెళ్లేముందు ఆ అమ్మాయి బల్ల మీద ఫారం చూసి, ఖాళీ గడిలో ఏం రాయాలని అడిగింది. తెలియదన్నాను. లేచి తలుపు మీద రెండుసార్లు కొట్టింది. వాళ్ల నాన్న చేయే. టోబీ చటుక్కున లేచి ముందు నడిచింది. నేను మెట్ల పైదాకా వెళ్లి నిలబడ్డాను.

కుక్క చకచకా దిగింది. పదకొండో మెట్టు దగ్గర, మలుపులో, ఆగింది. కూర్చుంది. పట్టీ లాగినా కదల్లేదు. గోడ వైపు మొహం పెట్టి, అక్కడ ఎవరో ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నట్టు ఓపిగ్గా చూస్తూ ఉంది. ఆ అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. నేను కుక్కనే చూస్తున్నాను. దాని నోరు మూసే ఉంది, డొక్కలు ఎగరడం లేదు. దానికి ఏ ఆయాసమూ లేదు.